గాజులక్క దీపం తొడుగులు

ఆమెను వీధిలో అందరూ గాజులక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు చేతి గాజులు అమ్ముతుందనుకుని గుమ్మం ముందు చేతులు చాపుతారు. "ఈ గాజు తొడుక్కుంటే వేళ్లు తెగుతాయమ్మా," అని నవ్వి పంపేస్తుంది. ఆమెది రంగు గాజు పని. పిల్లల గదిలో ప్లగ్గుకు పెట్టే చిన్న నైట్ లైటుకు అరచేతంత తొడుగులు చేస్తుంది. బంతి తన్నుతున్న ఆటగాడు, బ్యాటు ఎత్తిన పిల్ల, నీళ్లలోకి దూకుతున్న ఈతగాడు. ఒక్క బంతికే పదిహేడు ముక్కలు పడతాయి. ప్రతి ముక్క అంచుకూ రాగి రేకు చుట్టి, టంకం పెట్టి అతకాలి. పొగకు కళ్లు మండుతాయి, వేళ్ల మీద గాట్లు ఎప్పుడూ మానవు.

చేయడం ఆమె వంతు, దుకాణాల్లోనూ బడుల్లోనూ తిప్పి అమ్మడం తమ్ముడి వంతు. వాడు నోరున్నవాడు. ఆమెకేమో కొత్తవాళ్లను చూస్తే మాట పెగలదు. అమ్మ పోయాక అయిదేళ్లవాణ్ణి ఎత్తుకుని పెంచింది కాబట్టి, వాడు బయట ఏం చెబుతున్నాడో ఆరా తీయాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు. అంత తెలివైంది మరి.

ఒక మధ్యాహ్నం, ఊరి బడిలో ఆటలు నేర్పే టీచరు అంచు ఊడిన తొడుగు పట్టుకుని ఇంటికి వచ్చింది.

"మీ తమ్ముడుగారు లేరా? ఇది బాగుచేయించాలి."

"నేను చేస్తాను, కూర్చోండమ్మా."

"మీరు పెట్టెల్లో సర్దడం చూసుకుంటారట కదా? పాడైపోతుందేమో. శనివారం ఆయన మా పిల్లల ముందు గాజు కోసి చూపిస్తానన్నారు. ఇంతటి పనివాడు మన ఊళ్లోనే ఉన్నాడని ఇన్నాళ్లూ తెలియనే లేదు."

గాజులక్క టంకపు కడ్డీ వేడెక్కించి, అంచు అతికి ఇచ్చింది. టీచరు తిప్పి తిప్పి చూసి, "మీకూ కాస్త నేర్పారన్నమాట," అని మెచ్చుకుని వెళ్లింది.

ఆమెకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. తమ్ముడు అడిగి ఉంటే ఆ పేరు కూడా ఇచ్చేసేదేమో. అడక్కుండా తీసుకున్నాడు, పైగా తనను పెట్టెలు సర్దేదాన్ని చేశాడు.

సాయంత్రం తమ్ముడు వచ్చి ఆమె పక్కన బల్ల దగ్గర కూర్చున్నాడు. "గాజు కొయ్యడం ఒకసారి చూపించక్కా. ఊరికే, సరదాకి."

"టీచరు వచ్చి వెళ్లింది," అంది.

"చేసినవాడు ఎదురుగా కనిపిస్తేనే కొంటారక్కా. నువ్వేమో నలుగురిలోకి రావు. నేనేం చెయ్యను?"

"మా అక్క చేసిందని చెప్పడానికి నేనెందుకురా రావడం? నీకు నోరుంది కదా."

"ఈ ఒక్క శనివారం గట్టెక్కించు," అన్నాడు వాడు.

ఆమె నీలం గాజు పలక ఒకటి, గాజు గీసే చక్రం వాడి ముందు పెట్టింది. వాడు గీశాడు. గీత సన్నగా, సరిగ్గానే పడింది. చాలదనుకుని అదే గీత మీద చక్రాన్ని మళ్లీ నడిపాడు. అలా రెండోసారి గీస్తే చక్రం మొద్దుబారుతుంది, పలక ఎటు పడితే అటు పగులుతుంది. ఈ పనిలో మొదటిరోజే చెప్పే మాట అది. వాడు రెండు చేతులా పట్టి విరిస్తే, అదృష్టం బాగుండి పలక గీత వెంట సమంగానే విరిగింది.

"ఇంతేనా? సరిగ్గా చేశానా అక్కా?" అని మురిసిపోయాడు.

ఏ చెప్పు ఏ కాలిదో దగ్గర్నుంచి వాడికి అన్నీ చెప్పి పెంచిన మనిషి ఆమె. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"బాగా చేశావురా," అంది. "శనివారం కూడా అలాగే రెండుసార్లు గీయి."