హాజరు పుస్తకంలో మొదటి సంతకం

మా నాన్న రైల్వేలో గూడ్సు గుమాస్తా. ఉద్యోగం చేసినన్నాళ్లూ హాజరు పుస్తకంలో సంతకం పెట్టాకే కుర్చీలో కూర్చున్న మనిషి. "సంతకం లేదంటే నువ్వు రానట్టే" అనేవాడు. రాయపూర్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ దరఖాస్తులు రాసిపెట్టేది ఆయనే. ఏ కాగితం ఎవరికివ్వాలో, ముద్ర ఎక్కడ కొట్టించుకోవాలో ఆయనకి కొట్టినపిండి. కాగితం మీద ఆయనకున్న ఆ నమ్మకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రిటైరయ్యాక ఊరి బయట, భన్‌పురి దాటి ధర్సీవా వైపు ఇల్లు కట్టుకున్నాం. అప్పటికింకా అమ్మ నర్సుగా పనిచేస్తోంది. ఆదివారం చర్చికి తెల్లచీర తప్ప కట్టేది కాదు, అది కోస్తా నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు. మా ఇంటి వెనక పొలాలకి అవతల ఇనుము ఫ్యాక్టరీ ఉండేది. డాబా మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి పొయ్యి తుడిచిన గుడ్డలా అయ్యేది. కొన్నాళ్లు తిట్టుకుని, చీరలు లోపల గదిలో ఆరేయడం మొదలుపెట్టింది. చీరల్ని దాచుకోగలిగింది గానీ ఊపిరితిత్తుల్ని దాచుకోలేదు కదా!

"నా ఛాతీలో పిల్లికూతలు నాకే వినపడుతున్నాయే" అంది ఒకరోజు, పేషెంటు సంగతి చెప్పినట్టు మామూలుగా. నాకు భయమేసింది.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీవాళ్లు రెండో పొగగొట్టం కడతామన్నారు. దానికి ముందు ప్రభుత్వం జనం మాట వింటుందట. జన్ సున్‌వాయీ, అంటే ప్రజాభిప్రాయ సేకరణ. నాన్న ముఖం వెలిగిపోయింది. "చూశావా, అడుగుతున్నారు! అడిగినప్పుడు చెప్పకపోతే తప్పు మనదే." వారం రోజులు కూర్చుని హిందీలో నాలుగు పేజీలు రాశాడు. అందులో అమ్మ ఆయాసం గురించి ఒక పేజీ. ఇల్లిల్లూ తిరిగి మా వీధినంతా కూడగట్టాడు.

స్కూలు మైదానంలో షామియానా వేశారు. జనం కన్నా పోలీసులే ఎక్కువ కనిపించారు. గేటు దగ్గర బల్ల, బల్ల మీద లావుపాటి పుస్తకం, దాని వెనక ఇస్త్రీ చొక్కా కుర్రాడు. "అంకల్‌జీ, హాజిరీ హై. దస్తఖత్ కర్ దీజియే" అన్నాడు, హాజరుకి సంతకం పెట్టమని, ఎంతో మర్యాదగా.

మాకన్నా ముందు వచ్చిన ఛత్తీస్‌గఢీ రైతులు ఆ బల్లకి దూరంగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక ముసలాయన చేతులు కట్టుకుని, "కాబర్?" అని అడిగాడు. ఎందుకూ అని. ఒకప్పుడు ఇలాంటి సంతకమే పెట్టి ఆయన తన పొలం పోగొట్టుకున్నాడని మాకు తర్వాత తెలిసింది. నాన్న మా వైపు తిరిగి నవ్వాడు. "పాపం, చదువు లేదు. సంతకం పెట్టకపోతే వచ్చినట్టు రుజువేదీ?"

జేబులోంచి తన పెన్ను తీసి, మొదటి గడిలో, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు. తర్వాత మా వీధి అంతా వరసలో నిలబడి పెట్టింది. అమ్మ కూడా పెట్టింది. నేనూ పెట్టాను. ఆ పేజీ పైభాగం మడిచి ఉందని మాలో ఒక్కరూ గమనించలేదు.

నాన్న బాగా మాట్లాడాడు. వేదిక మీద అధికారి తల ఊపాడు కూడా. పూరీ, బూందీ పొట్లాలిచ్చి మమ్మల్ని పంపేశారు.

ఆర్నెల్లు తిరక్కుండానే పునాదులు లేచాయి. నాన్న నమ్మలేక, సమాచార హక్కు కింద ఆ రోజు కాగితాలు తెప్పించాడు. విప్పి చూస్తే, "విస్తరణకు మద్దతు తెలిపినవారు" అన్న శీర్షిక కింద మొదటి సంతకం ఆయనదే. ఆయన చదివిన నాలుగు పేజీలూ ఒక్క వాక్యమయ్యాయి: "ఒక స్థానికుడు మొక్కలు నాటాలని సూచించారు."

ఆయన మొక్క అన్న మాటే ఎత్తలేదు.

పక్కింటి అత్త వచ్చి మెల్లగా అంది: "మీరు పెట్టమంటేనే కదా అన్నయ్యగారూ, మేం పెట్టాం." తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నాన్న ఎన్నో ఫిర్యాదులు రాశాడు. ప్రతిదానికీ అందినట్టు గుండ్రటి ముద్ర కొట్టించుకున్నాడు. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఒకరోజు పెన్ను బీరువాలో పెట్టేశాడు. పెన్షను బ్యాంకులో కూడా వేలిముద్ర వేస్తానన్నాడు. అక్కడి గుమాస్తా నవ్వితే నాకు కొట్టాలనిపించింది.

రెండో పొగగొట్టం మొదలైన నాలుగో చలికాలం అమ్మకి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయింది.

ఆస్పత్రి గుమాస్తా ఒక కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టాడు. సంతకం పెడితే గానీ అమ్మని ఇవ్వరు. నాన్న కళ్లజోడు పెట్టుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. వెనక్కి తిప్పి చూశాడు. అంచులు తడిమి, ఎక్కడైనా మడిచి ఉందేమోనని వెతికాడు. ఎక్కడా మడిచి లేదు. మధ్యలో ఒక గడి దగ్గర ఆయన వేలు ఆగింది. మరణం తీరు: సహజం.

"ఇది సహజం కాదు" అన్నాడు నాన్న. "దీని కింద నేను పెట్టను."

గుమాస్తా ఫారం అంతేనన్నాడు. డాక్టరుని పిలిస్తే, జబ్బుతో పోయినవాళ్లందరికీ అలాగే రాస్తామన్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆ రోజు గేటు దగ్గర ముసలాయన నిలబడ్డట్టే. ఒక గంట గడిచింది. రెండో గంటా గడిచింది. లోపల అమ్మ స్ట్రెచర్ మీదే ఉంది. చర్చివాళ్లు తెల్లచీర తెచ్చి వరండాలో ఎదురుచూస్తున్నారు.

నేను కాగితం లాక్కుని సంతకం పెట్టేశాను. నాన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు గేటు దగ్గర ఆయన చదవకుండా పెట్టాడు. నేను చదివే పెట్టాను.