దుమ్ముకు చొక్కాలు

గొడుగక్కను పై అంతస్తు ల్యాబులోంచి కిందికి తోసేశారని మా వీధిలో చెప్పుకుంటారు. ఇస్త్రీ బండి దగ్గర బయలుదేరిన మాటకు పాల డిపో చేరేలోపు కాళ్ళూ చేతులూ వచ్చేస్తాయి. ఆరు నెలల సరుకును చేతులారా పాడుచేసిందని ఒకరు. తనకంటే చిన్నది పై అధికారిగా వచ్చిందని కడుపుమంట అని ఇంకొకరు. "ఇప్పుడు మిక్సర్ల మోతలో కూర్చోబెట్టారు, తిక్క కుదిరింది" అని మరొకరు. చివరికి మా అమ్మ కూడా అంది, "కూర్చున్న కొమ్మను తనే నరుక్కుంది పాపం" అని.

నలుగురిలో నాకు నోరు పెగలదు. కానీ నేను ఆ ల్యాబులోనే సీసాలు కడుగుతాను. అందుకే ఇది రాస్తున్నాను.

పదో తరగతి మధ్యలో ఉండగా నాన్నకు పక్షవాతం వచ్చి నా చదువు ఆగిపోయింది. రెండేళ్ళు ఇంటిపట్టునే ఉన్నాను. ఒకరోజు గొడుగక్క వచ్చి, "దీన్ని నాతో పంపక్కా, సీసాలు కడిగే మనిషి కావాలి" అని అమ్మను అడిగింది.

"సీసాలు కడగడానికి పరీక్షలూ గట్రా ఉంటాయా?" అంది అమ్మ భయంగా.

"ఒకటి ఉంటుంది. నేనే పెడతాను."

నిజంగానే పెట్టింది. కడిగిన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నీళ్ళు లోపలి గోడ మీద పొరలా జారాలి. ఎక్కడైనా చుక్కగా నిలిచిందంటే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టే. మొదటి వారంలో తొమ్మిదిసార్లు తప్పాను. తొమ్మిదిసార్లూ ఆవిడ పక్కనే నిలబడింది. విసుక్కోలేదు, మెచ్చుకోలేదు.

మా ల్యాబులో ఎండకు రాసుకునే క్రీములో కలిపే తెల్ల పొడి తయారుచేస్తారు. రేణువులు పెద్దవైతే మొహం సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది, ఎవరూ కొనరు. అందుకని వెంట్రుక మందంలో రెండు వేల రేణువులు పక్కపక్కన పట్టేంత చిన్నవి చేస్తారు. అవి కంటికి ఆనవు, చర్మాన్ని కాల్చే కిరణాలను మాత్రం ఆపేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ కిరణాలు తగిలినప్పుడు ఈ రేణువులే రెచ్చిపోయి చుట్టూ ఉన్నవాటిని పాడుచేస్తాయి. కాపలాకు పెట్టిన కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు. అలా కాకుండా ఒక్కో రేణువు చుట్టూ, ఇసుకలో ఉండే పదార్థంతోనే, సన్నని పూత వేస్తారు. ఆ పూత వేయడంలో గొడుగక్కది పదకొండేళ్ళు తిరిగిన చెయ్యి.

"నేను మనుషులకు కుడతాను, మా ఆవిడ దుమ్ముకు చొక్కాలు కుడుతుంది" అంటాడు ఆవిడ భర్త. ఆయన దర్జీ. కింద కొట్టు, పైన రెండు గదుల ఇల్లు. "కొలతలు ఎలా తీస్తుందో మాత్రం నన్నడక్కండి."

"వాగింది చాలు, ఆ గుండీలు కుట్టండి" అంటుంది గొడుగక్క.

పూత సరిగ్గా పడిందో లేదో చూడడానికి పొడిని నీలిరంగు నీళ్ళలో కలిపి ఎండలో పెడతారు. పూత చిరిగి ఉంటే పొడి రంగును తినేస్తుంది, నీలం తేలిపోతుంది. పూత గట్టిదైతే నీలం నీలంగానే ఉంటుంది. దీనికి ల్యాబులో దీపాల పెట్టె ఒకటి ఉంది. అయినా గొడుగక్క ప్రతిసారీ డాబా మీద కూడా పెట్టి చూస్తుంది. సీసాలన్నిటికీ ఎండ ఒకేసారి తగలాలి కాబట్టి, ట్రే మీద నేను నల్లగొడుగు పట్టుకుని ఆవిడ వెంట నడవాలి. ఆవిడ సీసాలు సర్ది, గడియారం చూసి, "తియ్యి" అన్నాకే గొడుగు తీయాలి. నాకు ముందు ఆ గొడుగు ఆవిడే పట్టుకునేది. వీధిలోంచి చూసినవాళ్ళు ఎండ క్రీము చేసే మనిషికి గొడుగేమిటని నవ్వుకుని ఆ పేరు పెట్టారు. గొడుగు కింద ఉన్నవి సీసాలు. ఆవిడ తల ఎప్పుడూ ఎండలోనే ఉండేది.

పోయిన ఏడాది ఒక కొత్త పొడి తయారైంది. ఆరు నెలల పని. పూతంతా గొడుగక్కే వేసింది. నెలాఖరుకు అది కలిపిన క్రీము కొనేవాళ్ళకు చేరితే ఆవిడకు సీనియర్ టెక్నీషియన్ ఉద్యోగం ఇస్తామన్నారు. పదకొండేళ్ళుగా నిలబడి పనిచేసిన మనిషికి సొంత బల్ల, కుర్చీ. ఆవిడ పేరు టైపు చేసిన కాగితం సంతకం కోసం ట్రేలో ఉండడం నేను చూశాను. పొడి అన్ని పరీక్షలూ నెగ్గింది. నాలుగు రోజులు ఎండలో పెట్టినా నీలం చెక్కు చెదరలేదు.

మా పై అధికారి పెద్ద చదువు చదివింది, అందరం డాక్టరమ్మ అంటాం. "అక్కా, మీ బల్ల ఎక్కడ వేయించమంటారు?" అని ఆవిడ నవ్వుతూ అడిగింది.

"కిటికీ పక్కన" అంది గొడుగక్క. ఆలోచించడానికి క్షణం కూడా తీసుకోలేదు. ఎన్నాళ్ళ నుంచి అనుకుంటోందో.

ఆ మర్నాడే కింద క్రీము కలిపే మిక్సర్లు నడిపే పెద్దాయన, మేమంతా మిక్సరు మామ అనే ఆయన, క్రీము డబ్బాతో పైకి వచ్చాడు. "చూడు చెల్లెమ్మా, కొత్త మరలో తిప్పాను. వెన్న కూడా సిగ్గుపడాలి."

గొడుగక్క కాస్త చేతి మీద రాసుకుని చూసింది. "ఎంతసేపు తిప్పావన్నయ్యా?"

"రెండు గంటలు. పాతదానికి ఇది ఆరింతల జోరు. ఏం, నచ్చలేదా?"

"నచ్చింది. అదే భయంగా ఉంది."

ఒక చెంచాడు క్రీము తీసుకుని, అందులోని నూనె అంతా పోయేదాకా స్పిరిట్‌తో మళ్ళీ మళ్ళీ కడిగి, పొడిని వెనక్కి రాబట్టింది. దానికి రెండు రోజులు పట్టింది. శనివారం పొద్దున ఎండలో పెట్టాం. భోజనాల వేళకు ఆ సీసాలో నీలం, వందసార్లు ఉతికిన లంగా రంగుకు వచ్చేసింది.

"సీసా సరిగ్గా కడగలేదేమో" అంది నాతో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సోమవారం ఆవిడే సీసాలు కడుక్కుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. డాక్టరమ్మ గదికి వెళ్ళేముందు నా దగ్గర ఆగి, "నీ సీసాలు శుభ్రమే. నేనలా అనాల్సింది కాదు" అంది. తన కాగితం గాల్లో వేలాడుతున్న ఆ నిమిషంలో ఆవిడకు ముందు గుర్తొచ్చింది అది.

తలుపు తీసే ఉంది.

"ఈ పరీక్ష మిమ్మల్ని ఎవరు చేయమన్నారక్కా?"

"ఎవరూ అనలేదమ్మా."

"నిబంధనల్లో ఉన్నది పొడికే. పొడి నెగ్గింది."

"జనం రాసుకునేది పొడి కాదు కదమ్మా. నేను తొడిగినవన్నీ ఆ మర చింపేసింది."

"నెలాఖరుకు సరుకు వెళ్ళకపోతే మీ కాగితం కూడా ఆగిపోతుంది. నా చేతిలో ఉండదు."

"తెలుసమ్మా."

డాక్టరమ్మ ఆ సీసాను చాలాసేపు కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసింది. తరువాత ఫోను చేసింది. మంచి మనిషే. బయటికి వచ్చినప్పుడు ఆవిడ మొహం వాడిపోయి ఉంది. సరుకు ఆగింది. సాయంత్రానికి ట్రేలో కాగితం లేదు.

అక్కడి నుంచి ఐదు నెలలు పట్టింది. పూత మందం చేస్తే రేణువులు ఉండలు కట్టి మొహం మీద తెల్లచారలు వచ్చేవి. "మందం గుడ్డ ముడతలు పడుతుంది, పలచనిదే రెండు వరసలు వెయ్యి" అన్నాడు దర్జీ బావ.

"దుమ్ము సంగతి మీకెందుకు" అంది గొడుగక్క. మరుసటి వారం మాత్రం రెండు పలచని పూతలు వేసి, మధ్యలో వేడికి ఆరబెట్టింది. ఆయన మాట విన్నదో, తనకే తోచిందో, ఇద్దరూ ఎవరి గొప్ప వాళ్ళే చెప్పుకుంటారు.

మర పక్కనే నిలబడి పది నిమిషాలకొకసారి క్రీము తీసి చూస్తే తేలింది, కొత్త పూత నలభై నిమిషాల దాకా తట్టుకుంటుందని. "నలభైకి ఆపితే వెన్నలా రాదు" అని మిక్సరు మామ గొణిగాడు. "పెరుగులా వచ్చినా చాలన్నయ్యా, ఒంటికి చెరుపు చేయకపోతే" అంది గొడుగక్క. ఇరవై మూడో విడతలో నీలం నాలుగు రోజులూ నిలిచింది. ఇప్పుడు క్రీములోంచి తీసిన పొడి కూడా నెగ్గితేగానీ మా ల్యాబు నుంచి సరుకు కదలదు. సీనియర్ ఉద్యోగం మాత్రం ఈ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు.

ఇక కిందికి తోసేయడం గురించి. గొడుగక్కను మిక్సర్ల గదికి ఎవరూ మార్చలేదు. సరుకు ఆగిన మూడో రోజున, పూత ఎక్కడ చిరుగుతోందో మర పక్కనే ఉండి చూడాలని, ఆవిడే దరఖాస్తు పెట్టుకుంది. తన రాత కోడిగీతలని, ఆ దరఖాస్తు నాచేత రాయించింది.