కాక పొలం మీదుగా బాట

పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది కానీ చినుకు పడలేదు. అవ్వా నేనూ నారుమడికి బిందెలతో నీళ్లు పోస్తుంటే, కరెంటు లైను లేని మా కొత్త బోరుకు సోలార్ పలకలు వ్యానులో వచ్చాయి. మా పొలానికి ఉన్న ఒక్క బాట రాజయ్య కాక పొలం మీదుగానే. ఆయన దానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు.

"రాత్రి టీవీల సూడలేదారా? గా పలకలు పెడితే మొగులు చెదిరిపోతదట. ఊరికి వానే రాదట."

"చెదురుతదా అని అడిగిండ్రు కాకా, చెదురుతదని చెప్పలే."

"ఉత్తదే అయితే గంటసేపు ఎందుకు చూపెడ్తర్రా?"

"నడుమ సోలార్ అడ్వటైజ్ గూడ వచ్చింది గదనే!"

"అది అడ్వటైజ్‌రా. గిది వార్త."

దీనికి జవాబు మీకు తోస్తే కింద రాయండి. కాకతో కొట్లాడితే రేపు దున్నడానికి ట్రాక్టరు కూడా రాదు. ఊరుకుంటే నారు ఎండుతుంది. బిందెలతో ఎన్నాళ్లు పోస్తాం?

సాయంత్రం నాలుగింటికి వ్యాను పలకలతోనే కరీంనగర్ వెళ్లిపోయింది. దీపాలు పెట్టే వేళకు కాక మంచం ఎత్తుకుని, వార్తలు చూడటానికి ఇంటికి పోయాడు.