సబ్బు లేని మూడు రోజులు

పోయినేడాది దాకా నేను రోజుకు రెండు స్నానాలు చేసేదాన్ని. శుభ్రం మీద మోజు కాదు, భయం. మాది సీతారామపురం వైపు గొర్రెలు మేపే ఇల్లు. చిన్నప్పుడు హాస్టల్లో పక్క మంచం పిల్ల ముక్కు మూసుకుని, "నీ దగ్గర గొర్రెల వాసనొస్తాంది" అనింది. ఆ ఒక్క మాటకి ఇరవై ఏళ్లు ఒళ్లు తోముకున్నాను. ఆత్మకూరులో టీచరునయ్యాక కూడా మానలేదు. కొబ్బరి పీచు పెట్టి, అంట్ల గిన్నెను తోమినట్టు తోమేదాన్ని. మోచేతులు కమిలిపోయి మండేవి. ఒంటి వంక మాత్రం చూసుకునేదాన్ని కాదు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. ముసురు పట్టిన ఒక పొద్దున, నాయన మందను తోలుకుపోయాక, దొడ్డిలో వదిలిన సూడి గొర్రె ఈనింది. అవ్వ పక్కింట్లో ఉంది. పిల్ల బురదలో పడి, ఒళ్లంతా జిగటగా వణుకుతోంది. తల్లి నాకబోతుంటే "నువ్వాగు" అని పిల్లను ఎత్తుకొచ్చి, వేన్నీళ్లతో, నా గంధం సబ్బుతో కడిగాను. టవలుతో తుడిచాను. మహా మేలు చేశాననుకున్నాను.

తీసుకుపోయి వదిలితే, తల్లి ఒకసారి వాసన చూసి కుమ్మి అవతల పడేసింది. మళ్లీ దగ్గరికి తోశాను. మళ్లీ కుమ్మింది.

అవ్వ వచ్చి పిల్లను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సబ్బు పెట్టినావా?"

"బురదగా ఉంటే..."

"చదవేస్తే ఉన్న మతి పోయిందంట! వాసన కడిగేస్తే తన బిడ్డని దానికెట్టా తెలుస్తాదే? పాలు తాగకపోతే రేపటికి ఉండదిది."

అవ్వ ఆ గొర్రె పాలే పిండి పిల్ల ఒళ్లంతా పూసింది. ఉప్పుకైనా తల్లి నాకుతుందని ఉప్పునీళ్లు చల్లింది. "తప్పు నీది, నువ్వే పట్టుకో. నీ ఒంటి సబ్బు వాసన దానికి అంటకుండా చూసుకో. తల్లి పిల్లను చేర్చుకునేదాకా సబ్బు ముట్టుకోబాక" అంది.

మూడు రోజులు పూటపూటకీ తల్లి మెడను నా కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటే, పిల్ల పొదుగు అందుకుని తాగేది. వదిలితే కుమ్ముడే. తర్వాత ఇంటి వెనక బండ మీద స్నానం. సబ్బు లేదు, పీచు లేదు. తోమే పని లేకపోయేసరికి నీళ్లు పోసుకోవడమొక్కటే మిగిలింది. మొదటి చెంబు భుజం మీద నుంచి ఎక్కడెక్కడికి వెచ్చగా దిగుతోందో తెలిసింది. మోకాలి మీద ఎప్పుడో ముళ్లకంప గీసిన మచ్చ. అవ్వకున్నట్టే వంకర చిటికెన వేలు. నాయనవే, ఈ వెడల్పు భుజాలు. కమిలిన మోచేతులు చూస్తే ఏడుపొచ్చింది. పాపం, ఇవేం చేశాయని? అరచేతులు వాసన చూసుకున్నాను. పాలు, ఉన్ని, కట్టెల పొగ. రోత పుట్టలేదు.

మూడో రోజు సాయంత్రం పట్టు వదిలి చూశాను. తల్లి పిల్ల తోక దగ్గర మూతి పెట్టి చాలాసేపు వాసన చూసింది. నాకడం మొదలుపెట్టింది. పిల్ల తోకాడిస్తూ పొదుగు కింద దూరింది.

"ఇంక పోయి సబ్బు రుద్దుకో పో" అంది అవ్వ. ఆ రోజు నేను పోలేదు.

ఇప్పుడు రోజుకు ఒకటే స్నానం. సబ్బు వాడతాను, పీచు పారేశాను. బకెట్టు నీళ్లు నిదానంగా పోసుకుంటాను. బడికి ఆలస్యమైతే ఆ బాధ హెడ్మాస్టరుగారిది.

మొన్న సోమవారం ఊరి నుంచి నేరుగా బడికి వచ్చాను. మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒకావిడ ముక్కు ఎగబీల్చి, "ఏందో వాసనొస్తాంది మేడం?" అంది.

"నాదే మేడం, మాకు గొర్రెలున్నాయి" అని, క్యారియర్ విప్పి అన్నం కలుపుకున్నాను.