అర నిమిషం ఊపు, అర నిమిషం ఆగు

ఈ వారం మా సూర్యాపేట ఇంటికి ఒక పార్సెల్ వచ్చింది. పైన పిడి ఉన్న ఎనిమిది కిలోల ఇనుప గుండు, కెటిల్‌బెల్ అంటారు. కాన్పయి ఏడాదిన్నర దాటింది, ఇక ఒళ్ళు కదిలించవచ్చని డాక్టరమ్మ చెప్పాక నేనే తెప్పించుకున్నాను. తీరా వచ్చాక, నడుము పట్టేస్తే పాపను ఎవరు ఎత్తుకుంటారోనని గుబులు. పాప నిద్రపోయాక దాన్నే చూస్తూ కూర్చుంటే, ఇలాంటి భయం ఇంతకుముందూ ఒకసారి పడ్డానని గుర్తొచ్చి ఇది రాస్తున్నాను.

డిగ్రీ అయిన కొత్తలో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. మా ఈడు ఆడపిల్లలు చాలామందిలాగే, పొద్దున మా ఊరు త్రిపురారంలో బస్సెక్కి కూర్చుంటే సాయంత్రం మళ్ళీ అక్కడ దిగేదాకా కూర్చునే ఉండేదాన్ని. ఇరవై మూడేళ్ళకే, మేడమీది ఆఫీసుకు ఎక్కుతూ మెట్ల మధ్యలో ఆగి, ఫోను చూస్తున్నట్టు నటించి ఊపిరి తీసుకునేదాన్ని. దవాఖానలో పరీక్షలన్నీ చేసి, రోగమేమీ లేదు, కూర్చోవడమే ఎక్కువైంది అన్నారు. రోగం లేకుండానే ఇలా ఉంటే ముందుముందు ఎలాగని బెంగ పట్టుకుంది.

పక్క కుర్చీలో పనిచేసే కోదాడ అమ్మాయి ఒక వీడియో చూపించింది. అర నిమిషం గుండును ఊపడం, అర నిమిషం ఆగడం, అలా పదిసార్లు. మా దగ్గర గుండు లేదు గానీ, ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూలన పడేసిన పాత తూకపు రాళ్ళున్నాయి, వాటిలో పది కిలోల ఇనుపదానికి పిడి కూడా ఉంది. మధ్యాహ్నం అన్నానికి ముందు గోదాము వెనక వంతులవారీగా ఊపేవాళ్ళం. మొదట చేతులతో లాగితే భుజాలు పట్టేశాయి. తుంట్లను వెనక్కి నెట్టి ఒక్కసారి ముందుకు తెస్తే రాయి దానంతటదే లేస్తుందని తెలిసిన రోజు, ఈ బలం ఇన్నాళ్ళూ ఎక్కడుందా అని వింతగా అనిపించింది. ఆగిన అర నిమిషంలో గుండె ఎంత నెమ్మదిస్తుందో మెడ మీద వేలు పెట్టి చూసుకోవడం నాకొక సరదా అయింది. మిల్లులో ధాన్యం ఆరబోసే ఆడవాళ్ళు, ఆ రాయిని ఊపే బదులు తమ గంపలు రెండు ఎత్తి పోస్తే నాకు ఊపిరీ వస్తుంది, తమకు పనీ తగ్గుతుందని నవ్వేవాళ్ళు.

రెండు నెలలకు మెట్లు ఆగకుండా ఎక్కాను. అప్పుడే అమ్మకు తెలిసింది. పెళ్ళికాని పిల్ల బరువులెత్తితే గర్భసంచి జారుతుందని ఏడ్చింది. నాకూ భయమేసి మానేశాను. అయినా అమ్మకు నమ్మకం కుదరక, ఉద్యోగమే మాన్పిస్తానని ఒకరోజు మిల్లుకు వచ్చింది.

"రేపు పిల్లలు కాకపోతే ఎవర్ని అడగాలె?" అంది, కోదాడ అమ్మాయి ముందే.

గోడకానుకుని కూర్చున్న ధాన్యం ఆరబోసే ఒకామె, అమ్మ ఈడుదే, మెల్లగా మాట కలిపింది.

"నాకు ముగ్గురు పిల్లలమ్మా. జారింది గర్భసంచి గాదు, నడుం పోయింది. అది గూడ ఎత్తినందుకు గాదు, ఆగనందుకు. నీ బిడ్డ అర నిమిషం ఎత్తి అర నిమిషం ఆగుతది. ఆమెకేం గాదు."

వెళ్ళేటప్పుడు అమ్మ, ఎత్తితే ఎత్తు గానీ ఆగడం మాత్రం మరవకని నాతో అంది.

ఇప్పుడు ఆ మిల్లులో ధాన్యాన్ని యంత్రాలే ఆరబెడుతున్నాయి. అప్పుడు ఆరబోసిన చోట లారీలు నిలుపుతున్నారట. ఆ ఆడవాళ్ళు ఎటు పోయారో, ఆమధ్య ఫోను చేసి అడిగితే ఆఫీసులో ఎవరికీ తెలియదన్నారు. రెండు నెలలపాటు నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టుకున్నాను గానీ, ఆరోజు నాకోసం మాట్లాడిన ఆమె నడుము ఎలా ఉందని ఒక్కనాడూ అడగలేదు.