పాయింటు తర్వాత పద్దెనిమిది సున్నాలు

నిన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో నొక్కి, పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే మోలుకు తొంభై ఆరు పాయింటు నాలుగు ఎనిమిది ఐదు కిలోజౌళ్లని గబగబా చదివి, ఫోన్ మంచం మీద పడేసి జడ వేసుకోవడానికి వెళ్లిపోయింది. అంతే. చిటికె వేసినంత సేపు. ఈ ఒక్క లెక్క కోసం నేనొక ఎండాకాలమంతా నెత్తి బాదుకున్నానని, ఒక పలక కూడా పగలగొట్టానని చెప్తే, ఎందుకు నానమ్మా అని జాలిగా అడిగింది. ఆ జాలికి నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలోనే బావకు ఫోన్ చేశాను. ఆయన ఏమన్నాడో తర్వాత చెప్తాను, ముందు ఆ ఎండాకాలం సంగతి చెప్పాలి.

మా బావ, అంటే అక్క భర్త, గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డిగ్రీ అంతా చదివి, కెమిస్ట్రీ ఒక్క పేపరు తప్పి, పెళ్లయ్యాక ఇల్లు గడవాలి కనుక బాయిలోకి దిగినవాడు. డెబ్బైల మొదట్లో ఒకనాడు పైకప్పు రాయి జారి ఆయన నడుం మీద పడింది. దవాఖానలో నెల రోజులుండి లేచాడు గాని, వంగితే మళ్లీ నిటారు కావడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. కింద చాలాచోట్ల మనిషి పూర్తిగా నిలబడేంత ఎత్తే ఉండదు. ఇంకో రెండేళ్లు ఇట్లాగే వంగి నడిస్తే మంచాన పడతాడని డాక్టరు అక్కకు చెప్పాడు. సరిగ్గా అప్పుడే బొగ్గును పరీక్షించే ల్యాబులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. భూమి మీద ఉద్యోగం, కుర్చీ ఉన్న ఉద్యోగం. డిగ్రీ పాసైన కాగితం తెస్తే ఆయనకే ఇస్తామన్నారు. నేను కరీంనగర్‌లో బీయస్సీ చదువుతున్నాను. సెలవులు ఇచ్చీ ఇవ్వగానే అక్క కబురు పంపి నన్ను పిలిపించుకుంది.

బస్సు దిగి చేతిసంచి కింద పెట్టకముందే అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఈసారి గిన తప్పితే నీ బావ నడుం నాకు దక్కదే" అంది.

పాఠాలన్నీ ఆయన బట్టీ పట్టేశాడు. వడ్లగింజలో బియ్యపుగింజ లాంటి లెక్క ఒక్కటే ఎక్కదు. అది ప్రతి ఏడూ పేపర్లో వచ్చేది, పాసు మార్కుకు అటో ఇటో తేల్చేదీ అదే. ఒక్క పరమాణువు శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఇస్తారు, మోలుకు ఎంతో చెప్పాలి. మోలంటే మరేం లేదు, పరమాణువుల కుప్ప. ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు పెడితే ఎన్నో, ఆ కుప్పలో అన్ని ఉంటాయి. ఒకదాని శక్తిని జౌళ్లలోకి మార్చి, కుప్పతో గుణిస్తే అయిపోతుంది. మా బావకు అయిపోయేది కాదు. ఒక ఎలక్ట్రాన్ వోల్టును జౌళ్లలో రాస్తే పాయింటు తర్వాత పద్దెనిమిది సున్నాలు, ఆ తర్వాత పదహారు వస్తుంది. బావ ఆ సున్నాల వరుసను కాసేపు చూసి, అడ్డంగా ఒక గీత గీసి, పక్కన పెద్ద సున్నా చుట్టేవాడు.

అదేమిటని నేనడిగితే, "గింతదాన్ని ఎవడన్న లెక్కల పెడతడా పిల్లా? తొట్టి కదిలినప్పుడు రాలిన నుసిని ఎవడు ఎత్తుతడు?" అనేవాడు. బొగ్గు నింపే తొట్టి నుంచి రాలినదాన్ని వాళ్లు వెనక్కి తిరిగి కూడా చూడరు. ఆ అలవాటుతో సైన్సును కూడా రాల్చేస్తున్నాడు. సున్నాను కుప్పతో గుణిస్తే సున్నానే కదా, కనుక జవాబు సున్నా. పరీక్షలో ఈ జవాబే రాసి ఒకసారి తప్పాడు. నేను మొదటి వారం మెల్లగా చెప్పాను. రెండో వారం గట్టిగా చెప్పాను. మూడో వారం అరుగు మీద కూర్చుని అరుస్తుంటే పక్క క్వార్టరు వాళ్లు మా అక్కను, మీ చెల్లెలికి పెళ్లి ఎప్పుడు చేస్తారని అడిగారట. బావ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. నేను పలకను నేలకేసి కొట్టింది ఆ వారమే.

దెబ్బ తగిలాక ఆయనకు తేలిక పనని రాతిపొడి చల్లే పని ఇచ్చారు. గాలిలో లేచిన బొగ్గు నుసికి నిప్పు తగిలితే బాయి మొత్తం పేలిపోతుంది, అందుకని దారుల పొడవునా తెల్లటి రాతిపొడి చల్లుతారు. అందరి మొగుళ్లూ నల్లగా ఇల్లు చేరితే మా అక్క మొగుడు పిండిమర నుంచి వచ్చినట్టు తెల్లగా వచ్చేవాడు. ఒక సాయంత్రం అట్లాగే వచ్చి, చెవుల్లోంచి పొడి దులుపుకుంటూ మళ్లీ ఆ గీతే గీశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. బాయి గాలిలో తేలే నుసి ఒక్కటి ఎంత బరువుంటుందని కసిగా అడిగాను.

"దానికి బరువేంది, ఉఫ్ అంటే పోతది."

"మరి దానికి భయపడి పొద్దందాక గా తెల్లపొడి ఎందుకు చల్లుతున్నవ్ బావా?"

"ఒక్కటైతే భయమేంది పిల్లా, బాయి నిండ..." అని ఆగిపోయాడు. చెవి దగ్గర చెయ్యి అట్లాగే ఉండిపోయింది. తర్వాత కొత్త పలక లాక్కుని, సున్నాను అరచేత్తో తుడిచి, పద్దెనిమిది సున్నాలూ ఒక్కొక్కటీ వరుసగా పెట్టుకున్నాడు. కుప్పతో గుణించాడు. తొంభై ఆరు వేల జౌళ్లు, అంటే తొంభై ఆరు కిలోజౌళ్లు వచ్చింది. పుస్తకంలో పాయింటు తర్వాత ఇంకేవో అంకెలున్నాయి గాని, ఆ చిల్లర మనకొద్దు, తొంభై ఆరు చాలని చెప్పాను. అంత వేడితో మూడు గ్లాసుల చాయ్ మరుగుతుందని కూడా చెప్పాను. ఆయన పొయ్యి దగ్గరున్న అక్కను పిలిచి, మూడు గ్లాసులు పెట్టమన్నాడు.

పరీక్షకు అక్కా నేనూ తోడు వెళ్లాం. ఆయన మూడు గంటలు కూర్చోలేక, అడిగి, చివరి గంట కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాశాడు. బయట చింతచెట్టు కింద అక్క నా చెయ్యి వదల్లేదు. బావ బయటికి వచ్చి "వచ్చింది" అన్నాడు. లెక్క పేపర్లో వచ్చిందా, ఆయనకు వచ్చిందా అని అడిగే ఓపిక కూడా నాకు లేదు. పాసయ్యాడు, బొటాబొటిగా. ల్యాబులో చేరి, రిటైరయ్యేదాకా గ్రాము బొగ్గును నాలుగో దశాంశం దాకా తూచి, ఆ చిటికెడును చూసి వ్యాగన్ల కొద్దీ బొగ్గు వేడి ఎంతో చెప్పాడు. ఇంట్లో ఉప్పు కూడా తూచబోతే అక్క త్రాసు దాచేసింది.

ఇక నిన్నటి ఫోన్. ఎనభై దాటిన మనిషి, పొద్దున రెండు మైళ్లు నడిచి వచ్చానన్నాడు. మనవరాలి ఫోన్ చెప్పిన జవాబు మొత్తం శ్రద్ధగా విని, "మరి గా పాయింటు నాలుగు ఎనిమిది ఐదు యాడవోయింది పిల్లా? నేను కొట్టేస్తే పలక పగలగొడితివి. నువ్వెట్ల కొట్టేసినవ్?" అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత కూడా నాకు అదే ఒళ్లు మంట. ఫోన్ పెట్టేశాను.

ఆ సెలవుల్లో ఒక్కో సాయంత్రం దండగైపోతోందని ఎంత సణిగానో నాకు గుర్తుంది. ఒక్క సాయంత్రంలో ఏముందని, చిల్లరేనని నేనూ గీత గీసి కొట్టేశాను. మా బావ నిటారుగా నడిచిన యాభై ఏళ్లూ ఆ సాయంత్రాల్లోంచే వచ్చాయి.