రమ్మన్నవాడి ఊరు

గల్ఫ్‌లో రూమ్ వదిలి పూర్తిగా వెళ్లిపోయే ప్రతివాడూ చివర్న గుమ్మంలో నిలబడి అందరినీ తన ఊరికి రమ్మంటాడు. ఉన్నవాళ్లందరూ తప్పకుండా వస్తామంటారు. లిఫ్టు కిందికి దిగేలోపే ఆ మాట చల్లారిపోతుంది. అందులో ఎవరి తప్పూ లేదు, అది మర్యాద. ఇన్నేళ్లలో నన్ను అలా పిలిచిన ఊళ్లన్నీ కలిపితే ఓ జిల్లా అవుతుంది. ఒక్కదాని పొలిమేర కూడా తొక్కలేదు నేను. అలాంటివాణ్ని, ఈ వయసులో, అలాంటి మాటే పట్టుకుని ఐర్లాండ్ ప్రయాణం కట్టబోయాను. మా రూమ్‌వాళ్లు నాకు మతి చలించిందనుకున్నారు. అనుకుంటే అనుకోనీ, వాళ్ల సొమ్మేం పోయింది.

నేను ఏసీ మెకానిక్‌ని. మాది జగిత్యాల వైపు. ఇక్కడ గల్ఫ్‌లో, రూవి అనే పేటలో, ఒక పాత బిల్డింగులో ఉంటాను. పేరుకి ఫ్లాటు, లోపల మనిషికో మంచం. నా భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. సెలవు మీద ఊరికి పోతే తమ్ముళ్ల ఇళ్లలో చుట్టంలా కూర్చోవాలి. మరదళ్లు మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, మళ్లీ ప్రయాణం ఎప్పుడు బావా అని అడుగుతారు. చెడ్డవాళ్లేం కారు, పలకరింపుగానే అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకే తిన్నది ఒంటబట్టదు. అందుకని ఊరికి పోవడం తగ్గించేశాను.

నన్ను పిలిచినవాడు కడప మనిషి, నాకంటే చిన్నవాడు. రూవిలోనే ఒక సూపర్‌మార్కెట్‌లో మాంసం కోసేవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ని. చాలా ఏళ్లు మా ఇద్దరికీ కలిపి ఒకటే మంచం. వినేవాళ్లకి వింతగా ఉంటుంది గానీ ఇక్కడ మామూలే. నాది పగటి డ్యూటీ, అతనిది రాత్రి డ్యూటీ. షాపు తెరిచేలోపు మాంసమంతా కోసి సర్దిపెట్టాలి. పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుంటే అతను వచ్చి పడుకునేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి లేచి ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండేవాడు. ఇద్దరం వండుకుని, కింద పేపరు పరుచుకుని, ఒకే పళ్లెంలో తినేవాళ్లం. మటన్ అతనిది, పచ్చిపులుసు నాది. నా పులుసులో పస లేదని అతను, అతని కూరలో కారం తప్ప ఇంకేమీ లేదని నేను, రోజూ ఒకటే గొడవ. తినేశాక అతను డ్యూటీకి, నేను మంచానికి.

ఐర్లాండ్‌లో ఒక చిన్న సంత ఊరు. దాని శివార్లలో ఒక మాంసం ఫ్యాక్టరీ ఉందట, హలాల్ కోత వచ్చినవాళ్లు కావాలట. అతనికి ఆ పని దొరికింది. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, రా అన్నా ఒకసారి, అన్నాడు. వస్తా భాయ్, అన్నాను. లిఫ్టు దిగింది.

అతను పోయాక మంచం మొత్తం నాకే దక్కింది. దక్కి ఏం లాభం. పగలంతా అది ఖాళీగా ఉంటుందని తలుచుకుంటే డ్యూటీలో చేతులు ఆడేవి కావు. ఒక్కడికి పులుసు ఎంత కలపాలో నా చేతికి తెలియదు, రోజూ మిగిలేది, రోజూ పారబోసేవాణ్ని. కొన్నాళ్లకి వండటమే మానేసి, కింద హోటల్లో పరోటాలు తెచ్చుకుని, మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ తినేవాణ్ని. రూమ్‌లో ఇంకా మనుషులున్నారు, ఎవరి ఫోన్లు వాళ్లకున్నాయి. భార్య పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు అంటే పాపం తగులుతుందేమో. కానీ అప్పుడు వచ్చి పలకరించేవాళ్లుండేవారు. రూమ్‌మేట్ పోతే ఎవరు వచ్చి పలకరిస్తారు?

శుక్రవారాలు అతను ఫోన్ చేసేవాడు. ఎప్పుడూ వానేనట. ఫ్యాక్టరీలో ఎక్కువగా బ్రెజిల్ వాళ్లట, వాళ్ల భాష ఇతనికి రాదు, ఇతనిది వాళ్లకి రాదు. ఒక ముసలామె ఇంట్లో మేడ మీద గది తీసుకున్నాడు. గురువారం గురువారం ఊరి మధ్య సంత జరుగుతుందట. ఒకరోజు మాటల మధ్యలో మళ్లీ అన్నాడు, వచ్చి పోకూడదా అన్నా, ఊరు బాగుంటాది, అని. ఆ రాత్రంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. పొద్దున్నే ఆఫీసుకి పోయి లీవు అడిగాను.

ఫోర్‌మన్ సొంత ఊరికేనా అని అడిగాడు. ఐర్లాండ్ అంటే జోకనుకుని నవ్వాడు. ఏసీ మెకానిక్‌కి ఈ దేశంలో ఎండలున్నంతకాలం సెలవు దొరకదు, చలికాలంలోనే దొరుకుతుంది. అంటే ఇక్కడ కాస్త హాయిగా ఉండే నెలల్లో నేను పోయి అక్కడ గడ్డకట్టాలి. జీవితమంతా గదులు చల్లబరిచినవాడికి తగిన శాస్తే అని రూమ్‌లో ఒకడన్నాడు. మాట బాగానే ఉంది, వాణ్ని మాత్రం నేను మెచ్చుకోలేదు.

ఇక చూడండి నా హడావిడి. డ్యూటీ నుంచి రాగానే ఫోన్‌లో ఆ ఊరి మ్యాపు తెరిచేవాణ్ని. వీధుల ఫోటోలు కూడా ఉంటాయి కదా, వేలితో జరుపుకుంటూ పోవచ్చు. సంత జరిగే కూడలి, దాని చుట్టూ రంగురంగుల తలుపుల షాపులు, మందుల షాపు పక్కన చర్చి, దిగువన రాతి వంతెన. ఫోటోలు తీసిన రోజున కూడా వానే. గొడుగేసుకున్న ఒక ఆడమనిషి ప్రతిసారీ అదే మూల దగ్గర రోడ్డు దాటుతూ ఉండేది. ఎయిర్‌పోర్టులో దిగి ఏ బస్సెక్కాలో, ఏ ఊళ్లో మారాలో కంఠతా పట్టాను. గురువారం సంత వేళకి చేరేలా రోజు కూడా ఖాయం చేసుకున్నాను. పొద్దుపోక చేస్తున్నానని రూమ్‌వాళ్లు అనుకునేవాళ్లు. అదేం కాదు, ఆ వేళ వంటచేసే వేళ, చేతులకి పని కావాలి.

లీవు దొరికిందని ఫోన్‌లో చెప్పాను. నిజంగానే వస్తాండావా అని అడిగాడు అతను. పగలంతా తనకి డ్యూటీ అన్నాడు. చలికి తట్టుకోలేవన్నాడు. ఇక్కడ చూసేదానికి ఏమీ లేదన్నాడు. మొన్నటిదాకా ఊరు బాగుంటుందన్నవాడు ఇప్పుడు ఏమీ లేదంటున్నాడు! అందరూ అన్నట్టే అతనూ మర్యాదకే అన్నాడేమో. నేనే వెర్రివాడిలా ఎగేసుకుని పోతున్నానేమో. నీకు ఇబ్బందైతే రానులే అని అప్పుడే అనెయ్యాల్సింది, నోరు రాలేదు. వద్దులే అంటాడని భయం. అన్నా, భాయ్ అని ఎన్నేళ్లు పిలుచుకున్నా, అసలు అతనికి నేను కావాలా అక్కర్లేదా అనేది ఎప్పుడూ అడిగి తెలుసుకున్నది కాదు. ఆ ప్రశ్న తప్ప ఇంకేమీ పట్టకుండా అయిపోయింది నాకు.

అయినా సామాన్లు కొన్నాను. రూవిలో నేపాలీల షాపులో మందపాటి జాకెట్టు. అతనికి గుంటూరు కారం, చింతపండు, ముసలామెకి ఒక డబ్బా హల్వా. ఇక్కడ ఎవరైనా ఇండియాకి పోతున్నాడంటే చాలు, పక్క రూమ్‌ల నుంచి కూడా పార్సిళ్లు మోసుకొస్తారు. ఇది మా అమ్మకివ్వు, ఇది మా బావమరిదికివ్వు అని. తూకం ఎక్కువైందని ప్రతిసారీ వాళ్లని తిట్టుకునేవాణ్ని. ఈసారి ఒక్కడూ రాలేదు. ఆ ఊళ్లో ఎవరికీ ఎవరూ లేరు. పెట్టె సగం ఖాళీగా ఉండిపోయింది. ఎవడో ఒకడు ఏదో ఒకటి ఇచ్చి తీసుకుపొమ్మంటే బాగుండు అనిపించింది.

వీసా దరఖాస్తులు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌కి పోయాను. అక్కడి కేరళ ఆయన వేగంగా కొడుతూ పోయి, ఒకచోట ఆగాడు. అక్కడున్న మనిషి మీకు ఏమవుతాడు అని అడిగాడు. ఒకే రూమ్ అన్నాను. రూమ్ అనేది చుట్టరికం కాదన్నాడు. పినతండ్రి కొడుకని రాయనా అన్నాడు. అతని పేరూ నా పేరూ పక్కపక్కన పెడితే పసిపిల్లాడు కూడా నమ్మడు, పైగా అబద్ధం ఎందుకు రాయాలి? నాకు ఒళ్లు మండింది. స్నేహితుడని రాయి, ఉన్నదదే, అన్నాను. సరే, దానికి రుజువు కావాలన్నాడు. మీరిద్దరూ ఉన్న ఫోటో ఏదైనా ఇమ్మన్నాడు.

ఫోన్ తీసి వెతికాను. ముత్రాలో సముద్రం ఒడ్డున రెయిలింగ్ మీద చెయ్యేసి అతను. పండక్కి కొత్త చొక్కాలో అతను. నిజ్వా కోట ముందు కళ్లజోడు పెట్టుకుని అతను. నా ఫోటోలు కావాలంటే అతని ఫోన్‌లో ఉంటాయి. అన్నీ అతను తీసినవే. ఒకరిని ఒకరం తీసుకుంటూ పోయాం గానీ, మూడో మనిషి చేతికి ఫోనిచ్చి ఇద్దరం పక్కపక్కన నిలబడాలన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. ఫోన్ మెసేజీలైనా చూపించమన్నాడు ఆయన. ఒకే మంచం మీద మారిమారి పడుకునేవాళ్లం మెసేజీలు ఎందుకు పెట్టుకుంటాం? చెప్పాల్సిందేదైనా ఉంటే అన్నం తినేటప్పుడు చెప్పుకునేవాళ్లం. ఆయన మొహం చూస్తే నాకే అనుమానమొచ్చింది, నిజంగా అలాంటి మనిషి ఉన్నాడా, లేకపోతే నేనే కల్పించుకున్నానా అని. చివరికి ఆ విడి విడి ఫోటోలే పెట్టాం. ముసలామె చేత రాయించి అతను పంపిన ఆహ్వానం జతచేశాం. దేవుడి మీద భారం వేశాను.

దేవుడు మొయ్యలేదు. ప్రయాణానికి వారం ముందు జవాబు వచ్చింది. పిలిచిన వ్యక్తికీ దరఖాస్తుదారుకీ మధ్య ఉన్న సంబంధం నమ్మదగినట్టు చూపలేదు కనుక వీసా ఇవ్వడం లేదట. టైపింగ్ సెంటర్ ఆయన దాన్ని నాకు హిందీలో చెప్పి, మళ్లీ వేద్దాం, ఇది మామూలే అన్నాడు. మామూలే అయి ఉండొచ్చు. ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడెవడో మీ ఇద్దరికీ సంబంధం లేదని తేల్చేస్తే, బజార్లో నిలబడి ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు. వాణ్ని ఏం తిట్టాలో తోచక నా చెప్పుల్నే తిట్టుకుంటూ నడిచాను.

ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేసి చెప్పాను. ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పాను. అతను గట్టిగా ఏమైనా అంటాడనుకున్నాను. సరేలే అన్నా, మళ్లా సూద్దాం, అని రెండు ముక్కల్లో తేల్చేసి డ్యూటీ ఉందని పెట్టేశాడు. అంతే. బరువు దిగిపోయినవాడిలాగే వినబడ్డాడు నాకు. అయిపోయిందిలే అనుకున్నాను. లీవు వాపసు ఇచ్చేశాను. హల్వా డబ్బా రూమ్‌వాళ్ల ముందు పెడితే ఒక్కపూటలో ఖాళీ చేశారు. మ్యాపు మళ్లీ తెరవలేదు.

నేను అక్కడ దిగాల్సిన గురువారం ఒక స్కూల్లో ఏసీ గాలి వచ్చే డక్టులు శుభ్రం చేసే పని పడింది. సాయంత్రం రూమ్‌కి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. అతనే. శుక్రవారం తప్ప ఎప్పుడూ చెయ్యని మనిషి. వెనకాల గాలి చప్పుడు, మనుషుల గోల. తిన్న్యావా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. ఫ్యాక్టరీలో లేవా అని అడిగాను.

"లీవు పెట్టింటి గదన్నా, నువ్వు వస్తావని. వాపసు తీసుకోలా," అన్నాడు. "ఇంట్లో కూకోబుద్ధి కాలా. బస్టాపుకొచ్చినా."

అతనే చెప్పుకుపోయాడు. నేను వస్తున్నానని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాడట, మా అన్న అని. మేనేజరుని బతిమాలి డ్యూటీలు మార్చుకున్నాడట. అప్పుడు చలీ గిలీ అని ఏదేదో అన్నది ఎందుకంటే, ఇంత దూరం వచ్చాక నాకు ఊరు నచ్చకపోతే, తనొక్కడే ఉండే ఆ గది చూసి నేను జాలిపడితే ఎట్లా అని భయపడ్డాడట. వీసా రాలేదన్నప్పుడు ఇంకాసేపు మాట్లాడితే ఏడ్చేస్తానని ఫోన్ పెట్టేశాడట. ఇవన్నీ వానలో నిలబడి చెబుతున్నాడు, ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడని మనిషి.

మాట మధ్యలో ఆగి, అదిగో వచ్చింది అన్నాడు. బస్సు ఇంజను వినబడింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. నేను ఫోన్ చెవికి అదుముకుని కూర్చున్నాను. నా ముందు గోడ, నాకు అక్కడి మనుషులు కనబడరు. దిగేవాళ్లని ఒక్కొక్కరినే చెప్పాడు. చేతికర్రతో ఒక ముసలాయన. పసిబిడ్డ బండితో ఒక ఆడపిల్ల. బడి పిల్లలు ఇద్దరు. తలుపు మూసుకుంది, బస్సు కదిలిపోయింది.

"అంతేనన్నా. ఇంకెవురూ దిగలా."

"చలి వెడ్తుండొచ్చు. ఇంటికి పోయి ఇంత తిను భాయ్," అన్నాను.

"పోతాలే. గంటకి ఇంకో బస్సు ఉండాది. అది గూడా సూసి పోతా."

పిచ్చోడా, నేను ఇక్కడుంటే ఇంకో బస్సులో ఎట్లా దిగుతాను అని తిట్టబోయాను.

"సరే," అన్నాను. "సూసి పో."